మిస్ వెర్లీన్ పోగొట్టుకున్న ఓటు

మిస్ వెర్లీన్‌ను మొదటిసారి చూసినప్పుడు ఆమె బొటనవేళ్లు రెండూ ఊదారంగులో ఉన్నాయి. ఆగస్టు నెల. అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం. బెంటన్‌విల్‌లో ఎండ మా తెనాలి ఎండకు ఏమీ తీసిపోదు. కాకపోతే ఆ ఎండను తిట్టుకోవడానికి ఇక్కడ రోడ్డు మీద రెండో మనిషి దొరకడు. మేము మా అమ్మాయి గీతాంజలి ఇంట్లో దిగాం; ఎదురింటి వరండాలో ఒక నల్లజాతి ముసలావిడ ఒళ్లో గిన్నె పెట్టుకుని బొబ్బరికాయలు ఒలుస్తోంది. ఆ కాయల తొక్క ఊదారంగు. ఒలిచినవాళ్ల వేళ్లకు అంటుకుంటే రెండు మూడు రోజులు పోదట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఆ వేళ్లు చూడగానే నాకు పోలింగు సిరా గుర్తొచ్చింది. ముప్పై నాలుగేళ్లు బడిపంతులుగా చేసినవాణ్ణి. అందులో ఇరవై రెండేళ్లు, ఏ ఎన్నిక వచ్చినా నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేసేవాళ్లు. అంటే ఆ ఒక్కరోజు ఒక బూతుకు నేను రాజును. ఇక్కడ చూస్తే అధ్యక్ష ఎన్నికల హడావిడి. ఇళ్ల ముందు పచ్చికలో పేర్ల అట్టలు పాతి ఉన్నాయి. నా నోరు ఊరుకోలేదు. గుంటూరు కాన్వెంటులో సిస్టర్లు బెత్తం పట్టుకుని నేర్పిన ఇంగ్లీషు బయటికి తీశాను.

“గుడ్ మార్నింగ్ మేడమ్. ఎన్నికలు నవంబరులో కదా, మీరు అప్పుడే ఓటేసి వచ్చినట్టున్నారే?”

ఆమె చేతులు ఆగిపోయాయి. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

“ఆ మాట నీకెవరు చెప్పారు?” అంది.

“ఎవరూ చెప్పలేదండీ. మీ వేళ్లు చూసి, సరదాకి...”

ఆమె గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. దోమతెర తలుపు దానంతటదే వచ్చి కొట్టుకుంది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సుబ్బులు కూరగాయల కత్తి కింద పెట్టింది. “వచ్చి వారం కాలేదు. అప్పుడే ఒకావిడను ఏడిపించి వచ్చారా?”

“నాన్నా, ప్లీజ్,” అంది గీతాంజలి. “ఇక్కడ పాలిటిక్స్ ఎవరితోనూ డిస్కస్ చేయకు. ఆవిడ డెబ్రా వాళ్ల మదర్. డెబ్రాదీ నాదీ ఆఫీస్‌లో ఒకటే ఫ్లోర్. రేపు తను వచ్చి నన్ను అడిగితే నేనేం చెప్పను?”

మర్నాడు సుబ్బులు అలసంద గారెలు వేసి, డబ్బాలో పెట్టి, నా చేతికిచ్చి వీధిలోకి తోసింది. మిస్ వెర్లీన్ ఒక గారె విరిచి, లోపల పిండిని వేలితో నలిపి చూసింది. “ఇవి మా బొబ్బర్లకు చుట్టాలే కదా,” అంది. “మేము ఉడకబెట్టి, పంది మాంసం వేసుకుని తింటాం. వీటిని రుబ్బి నూనెలో వేయొచ్చని ఎనభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు ఒక్కరూ చెప్పలేదు. ఏం పని చేసేవాడివి నువ్వు?”

“హైస్కూలు హెడ్మాస్టరునండీ.”

“అయితే నువ్వు ఫెస్‌వి.”

ఆమె పుట్టిన చోట బడిపెద్దను ప్రొఫెసర్ అని పిలిచేవాళ్లట. రోజూ అంత పొడుగు మాట అనలేక ఫెస్ చేశారు. ఆ రోజు నుంచి నేను ఫెస్. ఆమె అందరికీ మిస్ వెర్లీన్. మొగుడు పోయి ఇరవై ఏళ్లయినా, మనవలున్నా, ఇక్కడి మర్యాద ప్రకారం పెద్దావిడ పేరుకు ముందు మిస్ చేర్చాలి.

రోజూ పొద్దున తొమ్మిదింటికి, డెబ్రా కారు సందు తిరగగానే, నేను ఆ వరండా ఎక్కేవాణ్ణి. గోదావరి వరదల్లో బ్యాలట్ పెట్టె పడవ మీంచి జారిపోతే మొసలి దాన్ని నోట కరుచుకుని ఒడ్డుకు తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టిందనీ, సీలు మాత్రం చెక్కు చెదరలేదనీ చెప్పాను.

“సీలు సరే,” అంది ఆమె. “మొసలి ఎవరికి వేసిందో అది చెప్పు.”

ఆమె కూడా తక్కువది కాదు. వాళ్ల నాన్న దున్నే కంచరగాడిదకు గడియారం చూడటం వచ్చునట. పత్తి మిల్లు పన్నెండింటి కూత ఒక నిమిషం ఆలస్యమైతే చాలు, అది నాగటి చాలులోనే నిలబడి మిల్లు వైపు తిరిగి తిట్టేదట. ఏ భాషలో అని అడిగాను. “మాకు అర్థమయ్యే భాషలోనే,” అంది.

ఆమె రాష్ట్రానికి తూర్పు చివర, మిసిసిపీ నది పక్కన నల్లరేగడి పల్లంలో పుట్టింది. ఎటు చూసినా పత్తి. భూమి ఒక దొరది, ఇల్లు దొరది, గాడిద దొరది, ఆఖరికి గాడిద కట్టుకొయ్య కూడా దొరదే. ఆమె ఇంటివాళ్లు పండించినదాంట్లో సగం దొరకిచ్చే కౌలువాళ్లు. తర్వాత ఆమె పైన్ బ్లఫ్ పట్నం చేరి, బడి వంటగదిలో ముప్పై ఒక్క ఏళ్లు వండింది. ఎంతమంది పిల్లలకు పెట్టావని అడిగితే, “ఆకలిగా వచ్చినవాళ్లందరికీ,” అంది. మోకాళ్లు పోయాయి, గుండె సగం పోయింది. రెండేళ్ల క్రితం డెబ్రా ఆమెను ఇక్కడికి తెచ్చుకుంది. చర్చికి ఇరవై నిమిషాలు కారులో పోవాలి. వరండాలో కూర్చుంటే పలకరించేవాళ్లు లేరు. సైకిళ్ల మీద హెల్మెట్లు పెట్టుకుని పోయేవాళ్లు చెయ్యి ఊపి పోతారు.

సెప్టెంబరు మధ్యలో ఒక సాయంత్రం, వీధి చివర ఉత్తరాల పెట్టెల దగ్గర డెబ్రా నన్ను ఆపింది. అరవై దాటిన మనిషి. మెడలో ఆఫీసు కార్డు ఇంకా తీయలేదు.

“సార్, అమ్మ మీ మాట వింటుంది. నా మాట వినదు. మీరొక సాయం చేయాలి.”

“చెప్పమ్మా.”

“అమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి కూడా ఓటు వేయలేదు. చర్చిలో అందరూ వేశారు, నాన్న వేశాడు, తను బండి కూడా దిగకుండా కూర్చునేది. ఎందుకమ్మా అంటే, ‘నా సంగతి అయిపోయింది’ అంటుంది. నాకు పద్దెనిమిది వచ్చినప్పటి నుంచి అడుగుతున్నాను, అంతకు మించి చెప్పదు. ఈసారి ఎలాగో పేరు నమోదు చేయించాను. కార్డు వచ్చింది. బూతుకు మాత్రం రానంటోంది.” డెబ్రా ఉత్తరాలను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. “డాక్టరు ఇంకో నాలుగేళ్ల మాట ఎత్తడం లేదు సార్. మళ్లీ ఎన్నిక వచ్చేదాకా అమ్మ ఉండదు. ఒక్కసారి. చాటుగా వేసినా సరే. తన చేత్తో వేస్తే చాలు.”

“నాది పూచీ,” అన్నాను. నాకు పూచీ పడటం కొత్త కాదు.

వారం తర్వాత అడిగాను. ఆ రోజు వాన పడి వరండా మెట్లు తడిగా ఉన్నాయి. “మిస్ వెర్లీన్, మొదటి రోజు నేనన్న మాటకు లేచి వెళ్లిపోయారే, ఎందుకు?”

ఆమె అక్రోటు లాంటి పెకాన్ కాయలు పగలగొట్టే పటకారు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది.

“కెనడీ నిలబడిన ఏడు,” అంది. “అరవై. నాకు ఇరవై రెండు.”

ఆ రోజుల్లో ఆర్కన్సాలో ఓటు వేయాలంటే ముందే ఒక డాలరు పన్ను కట్టి రసీదు తెచ్చుకోవాలట. అక్టోబరు ఒకటి దాటితే ఇవ్వరు. పత్తి పల్లంలో ఆ రసీదుల పని దొరలే చూసుకునేవాళ్లు. తమ కౌలువాళ్లందరి పేర్లతో తామే ఒక్కసారి కొనేసి, కట్టగట్టి, సొరుగులో పడేసేవాళ్లు. ఎన్నిక రోజు ఆ కట్టలోంచి ఎన్ని కావాలో అన్ని ఓట్లు పడేవి. రసీదు ఎవరి పేరున ఉందో వాళ్లు ఆ వేళ పత్తిచేలో ఉండేవాళ్లు.

“మాకందరికీ తెలుసు,” అంది మిస్ వెర్లీన్. “వాన కురుస్తుందని తెలిసినట్టు తెలుసు. కానీ ఆ ఏడు మా చర్చికి మెంఫిస్ నుంచి ఒక పాస్టరు వచ్చాడు. మీ రసీదు మీరే కొనుక్కోండి, అది మీ పేరు, మీ పేరు ఇంకొకడి సొరుగులో ఎందుకుండాలి అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది ఫెస్. పత్తి ఏరిన డబ్బులో ఒక డాలరు మా అమ్మకు చెప్పకుండా తీశాను. రసీదులిచ్చే కోర్టుకు తొమ్మిది మైళ్లు. నడిచి వెళ్లి కొనుక్కొచ్చి బైబిల్లో పెట్టుకున్నాను. రోజూ రాత్రి తీసి చదివేదాన్ని. చదవడానికి ఏముంది, నా పేరే.”

“ఎన్నిక రోజు?”

“మంగళవారం. చర్చి గౌను వేసుకున్నాను, తెల్ల కాలర్ ఉన్నది. పత్తి మిల్లు ఆఫీసులో బల్ల వేసి కూర్చున్నారు. మా నాన్న అక్కడే కాటా దగ్గర బస్తాలు తూస్తున్నాడు. నన్ను చూసి తల తిప్పేసుకున్నాడు. బల్ల దగ్గర ఆయన పుస్తకంలో వేలు పెట్టి కిందికి వచ్చాడు, నా పేరు దగ్గర ఆగాడు. నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, పిల్లల్ని చూసి నవ్వినట్టు. ‘వెర్లీన్, నువ్వు ఓటేసేశావు కదమ్మా. ఇదిగో గీత.’”

బయట చూరు మీంచి నీళ్లు కారుతున్నాయి.

“నేనిప్పుడే వచ్చానండీ అన్నాను. రసీదు తీసి బల్ల మీద పెట్టాను. ఆయన దాన్ని మడిచి తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నా నోరు లేచింది. ‘మీలో ఎవరో దొంగిలించారు’ అన్నాను. అక్కడ పదిమంది తెల్లవాళ్లున్నారు. మా నాన్న వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. ‘ఇంటికి పద’ అన్నాడు. క్రిస్మస్‌కు ముందు దొర కబురు పెట్టాడు, ఇల్లు ఖాళీ చేయమని. జనవరి. మంచు. మా బాబాయి వాళ్ల రేకుల గదిలో తొమ్మిదిమందిమి. మా నాన్నకు అప్పటికే ఛాతీ జబ్బు. ఫిబ్రవరి దాటలేదు.”

ఆమె పటకారు మళ్లీ చేతిలోకి తీసుకుంది. కాయ పగలగొట్టలేదు.

“ఆయన పోయేముందు నన్ను ఏమీ అనలేదు ఫెస్. అంటే బాగుండేది.”

“అందుకేనా ఇన్నేళ్లూ ఓటు వేయనిది?”

“ఆ పుస్తకంలో నా పేరు పక్కన గీత ఉంది. నేను వేశానని రాసి ఉంది. మళ్లీ వెళ్లి వేస్తే అది రెండోది అవుతుంది. అంటే వాళ్లు రాసిందే నిజమని నేను ఒప్పుకున్నట్టు. మా నాన్న ఊరికే చచ్చిపోయినట్టు. ముందు ఆ మొదటిది నాకు ఇవ్వాలి. ఇస్తే అప్పుడు చూస్తాను.”

ఇలాంటి మాటకు మంచివాడైతే ఊరుకుంటాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకంటే మా దగ్గర దీనికి ఒక పద్ధతి ఉంది.

మన బూతుల్లో ఎవరైనా వచ్చేసరికి వాళ్ల ఓటు ఎవరో వేసేసి ఉంటే, ప్రిసైడింగ్ ఆఫీసరు వాళ్లను నాలుగు ప్రశ్నలడిగి, ఆ మనిషే అని నమ్మకం కుదిరితే, వేరే బ్యాలట్ కాగితం ఇస్తాడు. దాన్ని టెండర్డ్ ఓటు అంటారు. అది పెట్టెలో వేయకూడదు. కవరులో పెట్టి, సీలు వేసి, ఒక ఫారంలో పేరు రాసి సంతకం తీసుకోవాలి. నా ఇరవై రెండేళ్లలో అలాంటివి పదకొండు తీసుకున్నాను.

మర్నాడు పొద్దున వరండా ఎక్కి ఆమెకు ఇదంతా చెప్పాను. ఇంతవరకూ నిజం. ఆ పైన నా అలవాటు కొద్దీ అందుకున్నాను. ఆ కవర్లు ఢిల్లీ వెళతాయన్నాను. అక్కడ విడిగా ఒక గది ఉంటుందనీ, ఒక్కొక్కటీ తెరిచి లెక్కపెట్టి, దొంగ ఓటును కొట్టేసి అసలు ఓటును ఎక్కిస్తారనీ అన్నాను. ఏ దేశం వాళ్లదైనా తీసుకునే అధికారం మాకుందనీ, రిటైరైనా అది పోదనీ అన్నాను.

మొసలి కథకు నవ్వినట్టు నవ్వుతుందని చూశాను. ఆమె ముందుకు వంగింది.

“పాతవి కూడా తీసుకుంటారా?”

“దొంగిలించిన ఓటుకు కాలదోషం పట్టదు మిస్ వెర్లీన్.”

నా ఆలోచన చాలా తేలిక. పాత ఓటు గుండెల మీంచి దించుకుంటే, కొత్త ఓటుకు తనే డెబ్రా కారెక్కుతుంది. ఇదొక నాటకం, దీంతో ఎవరికీ నష్టం లేదు అనుకున్నాను. ఇంట్లో సుబ్బులుకు చెబితే మెచ్చుకుంటుందనుకున్నాను. ఆమె మెచ్చుకోలేదు.

“ఆవిడకు అది నాటకమని తెలుసా?” అంది.

“తెలియకపోతే ఏం?”

“ఏమో. మీ ఇష్టం.”

అక్టోబరు రెండో వారంలో ఒక గురువారం పెట్టుకున్నాం. బూతు కోసం పార్సిలు వచ్చిన అట్టపెట్టెను బల్ల మీద నిలబడేలా మూడు వైపులా కోసుకున్నాను. గీతాంజలి ప్రింటరు నుంచి తెల్ల కాగితాలు తెచ్చి గీతలు కొట్టి ఫారం తయారుచేశాను. బ్యాలట్ మీద అరవైలో ఆ రాష్ట్రంలో నిలబడ్డ ముగ్గురి పేర్లు లైబ్రరీలో వెతికి, కాన్వెంటు దస్తూరీలో రాశాను. లక్కకు బదులు పుట్టినరోజు కేకు మీది ఎర్ర కొవ్వొత్తి. సీలుకు నా జేబులో మిగిలిన అయిదు రూపాయల బిళ్ల.

అన్నీ పట్టుకుని వీధి దాటి వెళ్తే, తలుపు తీసిన మిస్ వెర్లీన్‌ను చూసి నాకు కొంచెం భయం వేసింది. ముదురు నీలం గౌను, తెల్ల కాలరు, టోపీ, చేతులకు తొడుగులు. చేతికర్ర వదిలేసి బల్ల పట్టుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“పేరు?” అన్నాను.

“వెర్లీన్ బెల్.” అది పెళ్లికి ముందరి ఇంటిపేరు.

“తండ్రి పేరు?”

ఆమె రెండో చెయ్యి కూడా బల్ల మీద ఆనించింది. నేను పెన్ను పట్టుకుని అలాగే ఉన్నాను. మన ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది కాబట్టి రాశాను, అంతకు మించి ఆలోచించలేదు.

“ఐజాక్ బెల్,” అంది చివరికి. “అక్షరాలు సరిగ్గా రాయి ఫెస్.”

ఎడమచేతి తొడుగు తీసి వేలు చాపింది. గీతాంజలి సొరుగులో దొరికిన మార్కరుతో చూపుడువేలి గోటి మీద గీత గీశాను. బ్యాలట్ తీసుకుని అట్టపెట్టె వెనక్కి వెళ్లింది. నేను కిటికీ వైపు తిరిగాను. అది నియమం. పెన్సిలు చప్పుడు వినబడింది, ఆగింది, మళ్లీ వినబడింది. పది నిమిషాలకు పైనే పట్టింది. మడిచిన కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. కవరులో వేసి, మైనం కార్చి, బిళ్ల నొక్కాను. ఫారం మీద ఆమె సంతకం చేసింది.

“ఇది ఎక్కడికి పోతుంది?”

“స్ట్రాంగ్ రూముకు,” అన్నాను. ఆ స్ట్రాంగ్ రూము మంచం కింద ఉన్న నా సూట్‌కేసు.

ఆమె అప్పుడు కూర్చుంది. తొడుగులు తీసి ఒళ్లో పెట్టుకుని, “ఒక గ్లాసు మంచినీళ్లు తెచ్చిపెట్టు,” అంది. నీళ్లు తాగి, కళ్లు మూసుకుని, కుర్చీలోనే నిద్రపోయింది. నేను అట్టపెట్టె మడిచి చంకన పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి వచ్చేశాను. నా అంత పనిమంతుడు లేడనుకుంటూ వీధి దాటాను.

ఎన్నిక రోజుకు రెండు వారాల ముందే ఇక్కడ ఓట్లు తీసుకోవడం మొదలవుతుంది. మొదటి రోజే డెబ్రా మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చింది. కారు తలుపు తీసి ఉంచి, వరండా దగ్గర నుంచి నన్ను పిలిచింది. నేను గబగబా వెళ్లాను. మిస్ వెర్లీన్ ఇంట్లో వేసుకునే గౌనులోనే కూర్చుని ఉంది.

“చూడండి సార్, మొన్నటిదాకా చూస్తానంది. ఇవాళ రానంటోంది.”

“ఎందుకు రావాలి?” అంది మిస్ వెర్లీన్. గొంతులో కోపం లేదు. “నేను వేసేశాను. నాది ఒక్కటే పోయింది, ఆ ఒక్కటీ దొరికింది. ఇంక వాళ్లు నాకేమీ బాకీ లేరు, నేనూ వాళ్లకు లేను.” ఎడమచేతి చూపుడువేలు ఎత్తి చూపించింది. గోటి మీద నల్ల గీత సగం చెరిగి మిగిలింది. “ఫెస్ తీసుకున్నాడు. అధికారి ఆయన. నాన్న పేరు కూడా రాసుకున్నాడు.”

డెబ్రా నావైపు తిరిగింది. కవరు సంగతి నేను తనకు ముందే చెప్పి ఉన్నాను, నవ్వుతూ. అప్పుడు తనూ నవ్వింది.

“సార్, అమ్మకు చెప్పండి,” అంది నెమ్మదిగా. “అది ఊరికే ఆడిన ఆట అని చెప్పండి. అది ఎక్కడా చెల్లదని చెప్పండి. చెబితే వస్తుంది.”

మిస్ వెర్లీన్ నన్ను చూసింది. పత్తి మిల్లులో బల్ల మీద రసీదు పెట్టి, అవతలి మనిషి ఏమంటాడో అని చూసిన చూపు అదే అయి ఉంటుంది.

నేను నిజం చెబితే ఆమె ఓటును రెండోసారి జేబులో పెట్టుకున్నవాణ్ణి అవుతాను. చెప్పకపోతే, ఉన్న ఒక్క అవకాశం కారుతో పాటు వెళ్లిపోతుంది. నా జీవితంలో ఎన్నో కథలు అల్లాను. ఏ కథకూ ఇలా నిలబడి జవాబు చెప్పుకోవలసి రాలేదు.

“చెల్లుతుంది,” అన్నాను.

డెబ్రా మెట్లు దిగి, తల్లి కోసం తెరిచిన తలుపు మూసి, ఒక్కతే వెళ్లింది. ఆ తర్వాత చాలా రోజులు నన్ను చూసి కారు అద్దం దించలేదు.

“ఇన్నేళ్లూ మీ కోతలకు నవ్వి ఊరుకున్నాను,” అంది సుబ్బులు ఆ సాయంత్రం. “ఇంకా పదిహేను రోజులుంది. వెళ్లి నిజం చెప్పి రండి. తిడుతుంది. తిట్టనివ్వండి.”

రోజూ పొద్దున చెబుదామనే వెళ్లేవాణ్ణి. ఆమె నా కోసం ఒక కుర్చీ ముందే ఎండలోకి జరిపి ఉంచేది. ఎన్నడూ లేనిది, వాళ్ల నాన్న గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆయన ఈలపాట, ఆయన టోపీ, ఆయన ఆదివారం బూట్లకు పంది కొవ్వు రాసుకోవడం. అరవై నాలుగేళ్లలో డెబ్రా కూడా వినని మాటలు. మధ్యలో నేనెలా లేచి ఆ మాట చెప్పను? రేపు చెబుదాంలే అనుకునేవాణ్ణి. పదిహేను రోజులూ రేపే అయిపోయాయి. ఎన్నిక కూడా అయిపోయింది. పచ్చికలో అట్టలు పీకేశారు.

ఆ తర్వాత ఆమె అడగడం మొదలుపెట్టింది.

“నాది లెక్కపెట్టారా ఫెస్?”

“వరసలో ఉంది మిస్ వెర్లీన్. పాతవి కదా, నెమ్మదిగా తీస్తారు.”

“నాకు తొందర లేదు,” అనేది. కానీ మర్నాడు మళ్లీ అడిగేది.

డిసెంబరు మొదట్లో ఆమెను ఆస్పత్రిలో చేర్చారు. క్రిస్మస్‌కు తొమ్మిది రోజుల ముందు పోయింది. చర్చిలో వెనక వరసలో నేనూ సుబ్బులూ కూర్చున్నాం. ఆమెకు నీలం గౌను, తెల్ల కాలరు వేశారు. చేతులకు తొడుగులున్నాయి, వేలు కనబడలేదు.

జనవరిలో మా తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు సూట్‌కేసు సర్దుతుంటే కవరు చేతికొచ్చింది. దాన్ని ఇండియాకు ఎందుకు తీసుకుపోవాలి? వీధి దాటి వెళ్లి తలుపు తట్టాను. డెబ్రా వరండాలోకి వచ్చి, తలుపు వెనక్కి లాగి నిలబడింది. తల్లి కుర్చీ అక్కడ లేదు.

“ఇది అమ్మది,” అని కవరు, ఫారం ఇచ్చాను.

ఆమె ఎర్ర మైనం మీద అయిదు రూపాయల గుర్తును వేలితో తడిమింది. “ఆస్పత్రిలో కూడా అడిగింది,” అంది. “ఆఖరి రోజు. లెక్కపెట్టారా అని. నేను అవునన్నాను. మీరే చెప్పారని చెప్పాను.” కవరును తిప్పి చూసింది. “లోపల ఎవరికి వేసిందో మీకు తెలుసా?”

“తెలియదమ్మా. నేను కిటికీ వైపు తిరిగి ఉన్నాను.”

“మీ దేశంలో వీటిని నిజంగానే లెక్కపెడతారా సార్? అంత శ్రద్ధగా సీలు వేస్తారు కదా.”

ఢిల్లీలో గది, అందులో బల్ల, కవర్లు తెరిచే ముసలి గుమాస్తా, అన్నీ నాలుక మీదికి వచ్చాయి. పదకొండు కవర్లకు సీలు వేసినవాణ్ణి. ఒక రిక్షా అతను, ఒక కొత్త పెళ్లికూతురు, మా బడి ఆయా, ఇంకా ఎవరెవరో. ప్రతి ఒక్కరికీ, “మీ ఓటు భద్రంగా ఉంటుంది” అని చెప్పి పంపాను. అది అబద్ధం కాదు. భద్రంగానే ఉండేవి. ఏడాది తర్వాత మిగతా బ్యాలట్ కట్టలతో పాటు తగలబెట్టేవాళ్లు.

“లేదమ్మా,” అన్నాను. “తీసుకుంటాం. సంతకం పెట్టించుకుంటాం. కోర్టు అడిగితే తప్ప తెరవరు. నేను తీసుకున్నవాటిలో ఒక్కటీ తెరవలేదు.”

డెబ్రా తలూపింది. ఫారంలో తన తాతయ్య పేరు ఉన్న చోట వేలు పెట్టి, అక్షరం అక్షరం చదువుకుంది.

“ఈ పేరు కాగితం మీద నేను చూడటం ఇదే మొదటిసారి,” అంది.

లోపలికి వెళ్లింది. దోమతెర తలుపు వచ్చి కొట్టుకుంది. నేను మెట్లు దిగి, ఎదురింటికి నడిచాను. వీధిలో మనిషి లేడు.